రంగు డబ్బా ఆయుర్దాయం

ఇవాళ్టి ప్రసంగం చాలా చిన్న వస్తువు గురించి. బొటనవేలంత రంగు డబ్బా. విమానాలు, పడవలు, రైళ్ళ నమూనాలు చేసే సరదా ఉన్నవాళ్ళ ఇళ్ళల్లో ఇలాంటివి పదులకొద్దీ ఉంటాయి. ఇక్కడ ఉమ్ అల్ క్వైన్‌లో మనవాళ్ళలోనూ ఈ సరదా ఉన్నవాళ్ళు కొందరున్నారు, వారిలో నేనొకణ్ణి. మేమంతా ఒకరినొకరు అడుగుకునే ప్రశ్న ఒకటే. "మూత తీసి మూడేళ్ళయింది, ఇంకా పనికొస్తుందా?"

డబ్బా మీద చూద్దామంటే చాలావాటికి గడువు తేదీ ఉండదు. మందు సీసా మీద ఉన్నట్టు "ఈ నెలలోపు వాడవలెను" అని రాసి ఉండదు. అందుకని ఈ ప్రశ్నకి జవాబు డబ్బా మీద కాకుండా చరిత్రలో వెతుకుదామని నా ఉద్దేశం. నాకు తోచిన మాట ముందే చెప్పేస్తాను. రంగుకి ఆయుర్దాయం అనే గొడవ మొదటినుంచీ ఉన్నది కాదు. రంగు చేసేవాడూ, వేసేవాడూ ఒకడే అయినంతకాలం ఆ మాటే పుట్టలేదు. వాళ్ళిద్దరూ వేరైన రోజున పుట్టింది.

మనమున్న ఊరితోనే మొదలుపెడదాం. ఉమ్ అల్ క్వైన్ అంటే ఒకప్పుడు ముత్యాల వేట, చేపలు, పడవలు. చెక్క పడవలు కట్టడంలో ఈ తీరానికి పేరుంది. ఆ పడవలకి పెయింటు వేసేవారు కాదు. నీటి పైన ఉండే చెక్కకి సొరచేప కాలేయం నుంచి తీసిన నూనె పట్టించేవారు. నీటిలో మునిగే అడుగుభాగానికి సున్నం, జంతువుల కొవ్వు కలిపి చేత్తో మెత్తేవారు. సముద్రపు పురుగు చెక్కని తొలిచెయ్యకుండా అదే కాపలా. కొన్ని నెలలకోసారి పడవని ఒడ్డుకి లాగడం, పాత పూత గీకెయ్యడం, కొత్తగా కలిపి మళ్ళీ మెత్తడం. సున్నం ఒకచోట, కొవ్వు ఒకచోట ఉంటాయి. రెండూ కలిపేది పడవ పక్కనే, ఆ పూటకి కావలసినంతే. మిగిలింది దాచుకోవాలన్న ఆలోచనే లేదు.

ఇక మన ఊళ్ళకి వెళ్దాం. చేర్యాల నకాషీ చిత్రకారులు గుడ్డ మీద కథలు రాసేవారని మీకు తెలుసు. రాళ్ళూ గవ్వలూ నూరి తీసిన రంగుపొడులు వాళ్ళ దగ్గర పొడిగా ఉండేవి. చెట్టు బంకా నీళ్ళూ కలిపేది బొమ్మ రాసేముందే, అదీ కొబ్బరి చిప్పలో. కొండపల్లిలో తెల్ల పొణికి కర్రతో బొమ్మ ముక్కలు చెక్కి, చింతగింజల జిగురుతో అతికించి, తెల్లపూత పూసి, ఆపైన రంగులద్దేవారు. చింతగింజల జిగురు నిలవుంటే పులిసి కంపు కొడుతుందని మన అమ్మమ్మలకి కూడా తెలుసు. అందుకే ఏ పూటది ఆ పూటే.

ఏటికొప్పాక పద్ధతి ఇంకా విచిత్రం. వరాహ నది ఒడ్డున, ఇప్పటి అనకాపల్లి జిల్లాలో ఉందా ఊరు. అక్కడి రంగు ద్రవమే కాదు. లక్కలో రంగు కలిపి కడ్డీలుగా చేస్తారు. అంకుడు కర్రని తరిణి మీద గిర్రున తిప్పుతూ ఆ కడ్డీని ఆనిస్తే, రాపిడి వేడికి లక్క కరిగి కర్రకి పట్టేస్తుంది. తరవాత మొగలి ఆకుతో రుద్దితే మెరుపు వస్తుంది. డబ్బా లేదు, మూత లేదు, ఎండిపోతుందన్న దిగులు లేదు. ఎండిన రంగునే వాడుతున్నప్పుడు ఇంక ఎండేదేముంది!

ఇక్కడొక విషయం గమనించాలి. ఖనిజాల నుంచి తీసిన రంగుపొడి సాధారణంగా చెడిపోదు. ఎర్రమట్టి, కాటుక, సుద్ద వేల సంవత్సరాలుంటాయి. గుహల్లో గీసిన బొమ్మలే అందుకు సాక్ష్యం. చెడిపోయేది ఆ పొడిని పట్టి ఉంచే బంక. రంగు డబ్బా ఆయుష్షు అని మనం అంటున్నది నిజానికి ఆ బంక ఆయుష్షే. ఈ ఒక్క మాట గుర్తుంచుకుంటే తక్కినదంతా సులువుగా అర్థమవుతుంది.

ఐరోపాలో చిత్రకారులు అవిసె నూనెలో రంగుపొడి నూరి వాడేవారు. మిగిలిన రంగుని పంది మూత్రాశయంతో చేసిన చిన్న సంచిలో మూటకట్టి, కావలసినప్పుడు సూదితో పొడిచి పిండుకునేవారు. పొడిచిన కన్నం మళ్ళీ సరిగ్గా మూసుకునేది కాదు. 1841లో జాన్ గాఫ్ రాండ్ అనే అమెరికన్ చిత్రకారుడు తగరంతో నొక్కితే అణిగే గొట్టం కనిపెట్టి పేటెంటు తీసుకున్నాడు. మనం రోజూ పొద్దున్నే నొక్కే టూత్‌పేస్టు గొట్టానికి తాతగారన్నమాట. అందులోని తెలివేమిటంటే, రంగు బయటికి వచ్చినకొద్దీ గొట్టం అణిగిపోతుంది, లోపలికి గాలి చేరదు. 1877లో అమెరికాలోని షెర్విన్ విలియమ్స్ సంస్థ మళ్ళీ మూసుకోగలిగే మూతతో రంగు డబ్బాకి పేటెంటు పొందింది. దాంతో రంగు కలపడం ఇంటి పని కాకుండా పోయి, కొట్లో కొనుక్కునే సరుకైంది. సరుకు అయ్యాక అది బీరువాలో ఎన్నాళ్ళుంటుందన్న ప్రశ్న రాక తప్పదు కదా.

సరే, డబ్బాలో ఏం జరుగుతుందో చూద్దాం. నమూనాలు చేసేవాళ్ళు వాడే రంగులు ముఖ్యంగా మూడు రకాలు. మూడూ ఆరే తీరు వేరు, కాబట్టి చచ్చే తీరూ వేరు.

మొదటిది లాకర్. దీని కథ బాగుంటుంది. మొదటి ప్రపంచ యుద్ధం అయ్యాక డ్యూపాంట్ సంస్థ దగ్గర తుపాకీమందు కోసం చేసే నైట్రోసెల్యులోజ్ గురించి బోలెడు అనుభవం మిగిలిపోయింది. దాన్ని రంగుగా వాడదామంటే మరీ చిక్కగా ఉండేది. 1920 జులైలో ఒక పీపా సరుకు కొద్దిరోజులు వేడిలో ఉండిపోయిందనీ, తీరా చూస్తే పల్చని పాకంలా మారిందనీ ఆ సంస్థ కథగా చెప్పుకుంటారు. ఆ దారిన వచ్చిందే డ్యూకో. 1923లో బయటికి వచ్చింది. అంతకుముందు మోటారు కారుకి రంగు వేసి ఆరబెట్టడానికి వారాలు పట్టేది, డ్యూకోతో గంటల పనైపోయింది. ఆ డ్యూకో మన నిర్మల్ దాకా నడిచొచ్చింది. ఒకప్పుడు ఆకుల పసర్లూ, ఖనిజాలూ వాడిన నిర్మల్ కళాకారులు తరవాత డ్యూకో రంగులకి మారారు. నల్లటి పలక మీద బంగారు వన్నెతో మెరిసే నిర్మల్ బొమ్మలు చాలా ఇళ్ళల్లో ఇప్పటికీ ఉన్నాయి.

లాకర్ ఆరడం అంటే అందులోని థిన్నర్ ఆవిరైపోవడమే. బెల్లం పాకం లాంటిది. గట్టిపడ్డాక నీళ్ళు పోసి కాచితే పాకం మళ్ళీ కరుగుతుంది. అలాగే సీసాలో గట్టిపడ్డ లాకర్‌ని దానికి తగ్గ థిన్నర్ పోసి ఓపిగ్గా కలిపితే చాలాసార్లు మళ్ళీ లేస్తుంది.

రెండోది ఎనామెల్. ఇది అవిసె నూనె వంశం. 1920ల చివర్లో ఆల్కిడ్ అనే కృత్రిమ బంక వచ్చి ఆ వంశాన్ని ముందుకి తీసుకెళ్ళింది. నమూనాల లోకంలో ఎనామెల్ అంటే హంబ్రోల్. ఇంగ్లండులోని హల్ నగరంలో 1919లో హంబర్ ఆయిల్ కంపెనీ పేరుతో నూనెల వ్యాపారంగా మొదలైన సంస్థ అది. 1952లో ఎయిర్‌ఫిక్స్ వాళ్ళు గోల్డెన్ హైండ్ అనే ఓడని ప్లాస్టిక్ ముక్కల కిట్టుగా అమ్మడం మొదలుపెట్టారు. కుర్రాళ్ళు ఇంట్లో కూర్చుని ఓడలూ విమానాలూ అతికించడం ఒక తరానికి అలవాటైపోయింది. వాటి మీదకి 14 మిల్లీలీటర్ల హంబ్రోల్ డబ్బాలు.

ఎనామెల్‌లో ముందు థిన్నర్ పోతుంది. తరవాత బంక గాలిలోని ఆక్సిజన్‌ని పీల్చుకుని అల్లుకుపోతుంది. ఇది పాలు పెరుగైనట్టు. పెరుగుని ఎంత చిలికినా మళ్ళీ పాలు కావు. అందుకే డబ్బాలో పైన మీగడలా కట్టిన పొర థిన్నరు పోసినా కరగదు. కానీ ఆ పొర కింద ఉన్న రంగు చాలాసార్లు బాగానే ఉంటుంది. పొరని చాకుతో అంచులు కోసి తీసెయ్యాలి, కలిపెయ్యకూడదు. గాలి చొరబడకుండా మూసిన ఎనామెల్ డబ్బా పదేళ్ళు, ఇరవయ్యేళ్ళు నిలిచిన సందర్భాలు నమూనాలవాళ్ళకి కొత్త కాదు.

మూడోది నీళ్ళలో కలిసే ఆక్రిలిక్. 1953లో రోమ్ అండ్ హాస్ సంస్థ ఇళ్ళ రంగుల కోసం ఆక్రిలిక్ ఎమల్షన్ తెచ్చింది. వాసన తక్కువ, కడుక్కోవడం తేలిక. కాబట్టి తరవాతి దశాబ్దాల్లో నమూనాల రంగులూ అటు మళ్ళాయి. ఇందులో బంక నీళ్ళలో కంటికి కనబడనంత చిన్న బిందువులుగా తేలుతూ ఉంటుంది. నీరు ఆవిరయ్యాక బిందువులు ఒకదానికొకటి అతుక్కుని పొర అవుతాయి. ఒకసారి అతుక్కున్నాక నీళ్ళు పోస్తే విడిపోవు. అసలే నీరు కాబట్టి, క్రిములు చేరితే పులుస్తుంది కూడా. ఆవకాయ జాడీలో తడి గరిటె పెట్టొద్దని మన ఇళ్ళల్లో ఎందుకంటారో, ఆక్రిలిక్ సీసాలో వాడిన కుంచె ముంచొద్దని చెప్పేదీ అందుకే.

ఇప్పుడు ఉమ్ అల్ క్వైన్ ఎండ సంగతి. వేసవిలో ఇక్కడ 45 డిగ్రీలు దాటడం మామూలు. పది డిగ్రీల వేడి పెరిగితే రసాయన చర్యల వేగం రమారమి రెట్టింపవుతుందని ఒక మోటు లెక్క ఉంది. ఇక్కడి వంటింట్లో ఇడ్లీపిండి ఎంత తొందరగా పొంగి పులిసిపోతుందో చూసినవాళ్ళకి ఈ లెక్క వేరే చెప్పక్కర్లేదు. ఏసీ గదిలో 25 దగ్గర ఉన్న డబ్బాకీ, బాల్కనీలో 45 దగ్గర ఉన్న డబ్బాకీ ఇరవై డిగ్రీల తేడా. అంటే అక్కడ నాలుగేళ్ళు జరిగేది ఇక్కడ ఏడాదిలో జరగొచ్చు. లండన్‌లోనో, టోక్యోలోనో కూర్చుని ఎవరో చెప్పిన ఆయుష్షు మన బాల్కనీకి వర్తించదు.

ఏటికొప్పాక లక్క కూడా దీనికి మినహాయింపు కాదు. వేడికి లక్క ముక్కలు ఒకదానికొకటి అంటుకుపోతాయి. ఏళ్ళు గడిచేకొద్దీ, వేడి ఎక్కువైనకొద్దీ లక్క తనలో తనే అల్లుకుని, స్పిరిట్‌లో కరిగే గుణం పోగొట్టుకుంటుంది. నిలవలో ముసలితనం రాని బంక అంటూ దాదాపు లేదనే చెప్పాలి.

రెండేళ్ళ కిందట జగిత్యాల నుంచి వచ్చిన ఒక తమ్ముడు ఇక్కడ పని ముగించుకుని ఇంటికి బయల్దేరాడు. పన్నెండేళ్ళుగా పోగుచేసిన రంగులు ఒక బిస్కెట్ల డబ్బా నిండా ఉన్నాయి. విమానంలో తీసుకెళ్ళే వీలు లేదు. ఎనామెల్, లాకర్ లాంటి మండే రంగుల్ని సామానులో గానీ చేతిసంచిలో గానీ పెట్టనివ్వరు. ఆ డబ్బా నా దగ్గరికి తెచ్చాడు, ఇద్దరం కూర్చుని ఒక్కొక్కటీ తెరిచాం. అన్నిటికంటే పాతవైన ఎనామెల్ డబ్బాల్లో సగానికి పైగా బతికే ఉన్నాయి. వాటికంటే ఎంతో తరవాత కొన్న ఆక్రిలిక్ సీసాలు చాలావరకు రబ్బరు ముద్దలైపోయాయి. రెండు లాకర్లు రాయిలా ఉన్నాయి, థిన్నర్ పోసి రాత్రంతా ఉంచితే తెల్లారేసరికి కదిలాయి.

వాటిలో ఇండియా నుంచి ఎప్పుడో ఓడ సామానులో వచ్చిన పసుపు ఎనామెల్ ఒకటి ఉంది. ఇళ్ళ తలుపులకి వేసే రకం. మూత తీస్తే నిగనిగలాడుతోంది. "అన్నా, ఇది మంచిగనే ఉంది గద. పాప కొండపల్లి అంబారీకి రంగు పోయింది, పోయేలోపల ఇదే ఒక పూత ఏస్త" అన్నాడు. నేను వద్దన్నాను.

ఎందుకంటే ఇక్కడే ఆయుర్దాయం అన్న మాటకి రెండో అర్థం ఉంది. రంగు బతికుండడం వేరు, మనకి మంచిదై ఉండడం వేరు. పాతకాలపు పసుపు, ఎరుపు ఎనామెళ్ళలో సీసం కలిసిన రంగుపొడులు వాడడం మామూలుగా ఉండేది. తొందరగా ఆరడానికి కూడా సీసం కలిపేవారు. సీసం పిల్లల మెదడుకి హాని చేస్తుంది, ఎంత తక్కువైనా ఫరవాలేదు అనదగ్గ మోతాదు లేదు. అమెరికాలో ఇళ్ళ రంగుల్లో, బొమ్మల మీది రంగుల్లో సీసానికి 1978లో హద్దు పెట్టారు, 2009లో దాన్ని పది లక్షల భాగాల్లో 90 భాగాలకి తగ్గించారు. భారతదేశంలో గృహ, అలంకరణ రంగులకి అదే 90 భాగాల హద్దుతో 2016లో నియమాలు చేశారు. అవి 2017 నవంబరు 1 నుంచి అమల్లోకి వచ్చాయి. అంతకుముందు కొన్న డబ్బాలో ఎంత సీసం ఉందో కంటికి కనబడదు, వాసనకి తెలియదు. పైగా సీసం పులిసిపోదు, ఆవిరైపోదు. బంక చచ్చిపోయినా అది అలాగే ఉంటుంది. పాప నోట్లో పెట్టుకునే ఏనుగు మీదకి ఆ రంగు ఎక్కకూడదు. తమ్ముడు ఒక నిమిషం ఆలోచించి మూత బిగించేశాడు. అంబారీ తన వెలిసిన రంగుతోనే జగిత్యాల చేరింది.

ఏటికొప్పాకలోనూ ఈ ప్రశ్నే ఒక మలుపు తెచ్చింది. రసాయన రంగులు చవగ్గా దొరకడంతో పాత పద్ధతులు వెనకబడ్డాయి. అప్పుడు సి.వి. రాజు గారు పసుపు, నీలి, జాఫ్రా గింజలు లాంటి చెట్టూచేమల రంగుల్ని లక్కలో కలిపే విద్యని మళ్ళీ నిలబెట్టారు. 2017లో ఏటికొప్పాక బొమ్మలకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. 2023లో రాజు గారికి పద్మశ్రీ వచ్చింది. చెట్టు రంగులకి ఎండ తగిలితే కొంత వెలవడం ఉంది. కానీ ఆడుకునే పిల్లకి భయం లేని రంగు కొంచెం వెలిసినా నష్టమేముంది?

మరి నమూనాలవాళ్ళు పాత డబ్బాల్ని ఎందుకు పట్టుకుని వేలాడతారు, కొత్తవి కొనుక్కోవచ్చుగా అని మీరడగొచ్చు. కారణం ఉంది. వాళ్ళకి కావలసింది ఏదో ఒక నీలం కాదు, ఫలానా సంవత్సరంలో ఫలానా విమానం మీదున్న నీలం. ఆ రంగు చేసే సంస్థ మూతపడితే ఆ డబ్బా వారసత్వపు ఆస్తి అయిపోతుంది. రైలు నమూనాలవాళ్ళు ప్రాణంగా చూసుకున్న ఫ్లోక్విల్ రంగులు 2013లో ఆగిపోయాయి. టెస్టర్స్ వారి మోడల్ మాస్టర్ రంగులు 2021లో ఆగిపోయాయి. హంబ్రోల్ 2006లో దివాలా తీస్తే హార్న్‌బీ సంస్థ కొని నిలబెట్టింది.

మన ఊరిలోనే ఒక ఉదాహరణ ఉంది. ఉమ్ అల్ క్వైన్ పాత విమానాశ్రయం పక్కన రోడ్డు మీదకి కనబడేలా ఒక పెద్ద ఇల్యూషిన్ 76 రవాణా విమానం నిలిచి ఉండేది, మీలో చాలామంది చూసే ఉంటారు. సోవియట్ కాలంలో తయారైన ఆ విమానం 1999లో ఇక్కడ దిగి మళ్ళీ ఎగరలేదు. దాని ఒంటి మీద ఒక హోటలు ప్రకటన కూడా రాశారు. ఇరవయ్యేళ్ళకి పైగా ఎండా ఉప్పుగాలీ దాని రంగుని తినేశాయి. 2022లో ముక్కలు చేసి తీసుకెళ్ళిపోయారు. ఇప్పుడు ఎవరైనా దాని నమూనా చెయ్యాలంటే ఆ వెలిసిన రంగుని ఫోటోలు చూసి కలుపుకోవాల్సిందే. డబ్బా బయట ఉన్న రంగుని ఎండ తింటుంది, డబ్బాలో ఉన్నదాన్ని గాలి తింటుంది. రెంటికీ చిక్కకుండా కొన్నాళ్ళు కాపాడుకోవడమే మనం చెయ్యగలిగింది.

ఆ కాపాడుకునే పద్ధతులు నాలుగు మాటల్లో చెబుతాను. డబ్బా కొన్నరోజే మూత మీద నెల, సంవత్సరం రాసుకోండి. మూత పెట్టేముందు అంచుని గుడ్డతో శుభ్రంగా తుడవండి. అంచుమీద ఎండిన రంగు ఉంటే మూత బిగియదు, గాలి దారి చేసుకుంటుంది. సగమైన రంగుని చిన్న సీసాలోకి మార్చండి. లేదా శుభ్రమైన గాజు గోలీలు వేసి మట్టం పైకి తెండి, రాండ్ గారి గొట్టం సూత్రం అదే. కావలసినంత పళ్ళెంలోకి తీసుకుని వాడండి, వాడింది తిరిగి పొయ్యొద్దు. ఏసీ ఉన్న గదిలో, వంటింటి మంటకి దూరంగా, పిల్లలకి అందని అల్మారాలో పెట్టండి. బాల్కనీ వద్దు, కారు డిక్కీ అసలే వద్దు. చచ్చిన రంగుని సింకులో పోసి చేతులు కడుక్కోవద్దు, ప్రమాదకరమైన చెత్త తీసుకునే చోట ఇవ్వండి. ఏళ్ళు తెలియని ఎనామెల్ ఏదైనా సరే, పిల్లల బొమ్మలకి వాడకండి.

అన్నిటికంటే ముఖ్యమైనది ఇంకొకటి. మనలో చాలామంది ఈ దేశంలో కొన్నేళ్ళుండి వెళ్ళిపోయేవాళ్ళం. రంగులు మనతో విమానం ఎక్కవు. అందుకని వెళ్ళేరోజు దాకా దాచుకోకుండా, బతికి ఉండగానే పక్కవాళ్ళకి పంచండి. చేర్యాల చిత్రకారుడూ, ఇక్కడి పడవల మేస్త్రీ ఆ పూటకి కలుపుకున్నది ఆ పూటే వాడేశారు. డబ్బా ఉంది కదా అని మనం ఆ అలవాటు పూర్తిగా మరిచిపోనక్కర్లేదు. కొనేముందు ఈ ఏడాది ఎన్ని నమూనాలు చేస్తామో లెక్క వేసుకుని, అందుకు సరిపడా కొనుక్కుంటే చాలు.

ఇంటికెళ్ళాక మీ అల్మారాలో డబ్బాలు ఒకసారి తీసి చూసుకోండి.